గొప్ప పిరమిడ్డును కట్టినవారెవరు?

చరిత్ర తరగతిలో ఐగుప్తు దేశమునుగూర్చిన పాఠము వచ్చినప్పుడు "గీజాయందలి గొప్ప పిరమిడ్డును కట్టినవారెవరు?" అని ఉపాధ్యాయుడు అడుగుట వాడుక. ఈ చిన్న ప్రశ్నకు విద్యార్థులిచ్చు ప్రత్యుత్తరములు సాధారణముగా మూడు విధములుగా నుండును. కొందఱు "ఖుఫు రాజు కట్టెను" అందురు. కొందఱు బైబిలు పాఠమును తలచుకొని "ఫరోకు దాసులైయున్న ఇశ్రాయేలీయులు కట్టిరి" అందురు. మఱికొందఱు "అంత పెద్ద రాళ్లను మనుష్యులు కదల్పజాలరు; ఏదో మంత్రశక్తి చేతనో, ఆకాశమునుండి దిగివచ్చిన అన్యలోకవాసుల చేతనో అది కట్టబడియుండును" అందురు. ఈ మూడింటిలో మొదటిది అసంపూర్ణము, రెండవది పొరపాటు, మూడవది అన్యాయము. అట్లు చెప్పుటకు గల కారణములను ఈ వ్యాసమునందు క్రమముగా విచారింతము.

1. కట్టడము యొక్క కొలతలు

ఐగుప్తును నాలుగవ రాజవంశమువారు పాలించిన కాలమున, అనగా క్రీస్తునకు పూర్వము సుమారు 2560వ సంవత్సర ప్రాంతమున, ఖుఫు అను రాజునకు సమాధిగా ఈ పిరమిడ్డు నిర్మింపబడెను. గ్రీకులు ఇతనినే కియోప్సు అని పిలిచిరి. దీని అడుగుభాగము చతురస్రము. ఒక్కొక్క ప్రక్క సుమారు 756 అడుగులు. కట్టిననాడు దీని యెత్తు సుమారు 481 అడుగులు. పైపొరయందలి తెల్లరాళ్లలో అధికభాగమును మధ్యయుగములలో కైరో నగరపు కట్టడములకై తీసికొనిపోవుటచేతను, శిఖరము రాలిపోవుటచేతను నేడది సుమారు 455 అడుగులు మాత్రమే యున్నది. ఇంగ్లండునందలి లింకన్ దేవాలయపు గోపురము 1311వ సంవత్సరమున పూర్తియగువఱకు, అనగా సుమారు 3,800 సంవత్సరముల కాలము, మనుష్యుడు కట్టిన కట్టడములలో నింతకంటె ఎత్తయినది లేకుండెను.

ఇందులో సుమారు 23 లక్షల రాళ్లు కలవని లెక్క. సగటున ఒక్కొక్క రాయి రెండున్నర టన్నుల బరువుండును. ఇంతటి కట్టడమైనను పని మోటుగా జరుగలేదు. అడుగుభాగపు మట్టములో ఒక మూలకును మఱియొక మూలకును గల భేదము ఒక అంగుళమునకు మించదు. నాలుగు ప్రక్కలు నాలుగు దిక్కులకు సరిగా తిరిగియున్నవి. అందలి తప్పు ఒక డిగ్రీలో 15వ వంతునకు మించదు. దిక్సూచి లేని కాలమున ఆకాశమునందలి జ్యోతులే వారికి ఆధారములు.

విద్యార్థులు పలక తీసికొని యొక చిన్న లెక్క చేయుదురుగాక. గ్రీకు చరిత్రకారుడైన హెరొడోటసు, పిరమిడ్డు 20 సంవత్సరములలో కట్టబడెనని వ్రాసెను. ఆ లెక్కను బట్టి సంవత్సరమునకు 1,15,000 రాళ్లు. దినమునకు సుమారు 315 రాళ్లు. దినమునకు 10 గంటలు పని జరిగెననుకొన్నయెడల గంటకు 31 రాళ్లకు పైగా, అనగా ప్రతి రెండు నిమిషములకు నొక రాయి తన స్థానమున కూర్చుండవలెను. ఈ లెక్క చూచినవారికే "ఇది మనుష్యులవలన నగునా?" అను సందేహము కలుగును. కాని పనిని భాగములుగా విడదీసి చూచినచో నా సందేహము క్రమముగా తొలగిపోవును.

2. రాతిని తీయుట

పిరమిడ్డునందలి రాళ్లన్నియు దూరదేశమునుండి వచ్చినవి కావు. లోపలి భాగమును నింపిన సున్నపురాయి యధికముగా గీజా పీఠభూమిలోనే, పిరమిడ్డునకు దక్షిణమున నతి సమీపమందు గల గనులనుండి తీయబడెను. ఆ గనుల గుంటలు నేటికిని కనబడుచున్నవి. పైపొరకు కావలసిన మేలైన తెల్లని సున్నపురాయి నైలు నదికి ఆవలి గట్టుననున్న తురా గనులనుండి వచ్చెను. రాజుగదికి వలయు ఎఱ్ఱని గ్రానైటు రాయి మాత్రము దక్షిణమున సుమారు 500 మైళ్ల దూరమందలి అస్వాను నుండి నది వెంట పడవలమీద తేబడెను.

ఆ కాలమువారికి ఇనుప పనిముట్లు లేవు. సున్నపురాయి మెత్తనిది గనుక దానిని రాగి ఉలులతోను, కొయ్య కొడతులతోను చెక్కిరి. ఉలి మొద్దుబాఱినప్పుడు దానిని కాల్చి సాగగొట్టి పదును పెట్టువారు వేఱుగా నుండిరి. గ్రానైటు రాయి రాగికి లొంగదు. దానికంటెను గట్టిదైన డోలరైటు అను రాతిగుండ్లను చేతబట్టి, గ్రానైటును కొట్టి కొట్టి, పొడిపొడిగా రాల్చి, చుట్టును కాలువ త్రవ్వి బండను వేఱుచేసిరి. అస్వాను గనిలో పిరమిడ్డునకు వేయి సంవత్సరముల తరువాతి దైన యొక స్తంభము నేటికిని పండుకొనియున్నది. దాని పొడవు సుమారు 137 అడుగులు. బరువు వేయి టన్నులకు మించును. పని చాలవఱకు జరిగిన పిమ్మట అందు బీట కనబడుటచేత దానిని అట్లే విడిచిపెట్టిరి. ఆ పనివారికి అదెంత దుఃఖకరమై యుండెనో కాని, మనకు మాత్రమదియే పాఠ్యపుస్తకమైనది. దాని చుట్టును డోలరైటు గుండ్ల దెబ్బలు వరుసలు వరుసలుగా స్పష్టముగా నున్నవి. మంత్రముతో రాయి తీసినవారు ఇట్టి గుర్తులను మిగుల్పరు.

3. రాతిని ఈడ్చుట

బండిచక్రములు అంతటి బరువును మోయజాలవు, ఇసుకలో దిగబడిపోవును. కావున వారు చక్రములు లేని కొయ్య జారుడుబండ్లమీద రాళ్లనుంచి, గడ్డితోను నారతోను పేనిన మోకులు కట్టి లాగిరి. పిరమిడ్డునకు ఆరేడు వందల సంవత్సరముల పిమ్మట జెహుతీహోతెపు అను నొక ప్రాంతీయాధికారి తన సమాధిగోడపై నొక చిత్రమును వ్రాయించుకొనెను. అందులో అతని పెద్ద విగ్రహమొకటి జారుడుబండిపై కూర్చున్నది. 172 మంది నాలుగు వరుసలుగా నిలిచి మోకులు లాగుచున్నారు. విగ్రహపు మోకాళ్లమీద నిలిచిన యొకడు చప్పట్లు చఱచి అందఱు నొక్కమాఱు లాగునట్లు తాళము వేయుచున్నాడు. మన పడవవాండ్రు "ఐలేసా" అని కేకవేయుటకు గల ప్రయోజనమే దానికిని కలదు. బండి ముందుభాగమున మఱియొకడు నిలిచి, దారిమీద నీళ్లు పోయుచున్నాడు.

ఈ నీళ్లు పోయుట పూజావిధియని పండితులు కొందఱు చాలకాలము తలంచిరి. 2014వ సంవత్సరమున ఆమ్స్టర్డాము విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞులు ఇసుకపై చిన్న జారుడుబండిని లాగి పరీక్షించిరి. పొడి ఇసుక బండి ముందు కుప్పగా పోగై అడ్డుపడును. తగినంత తడిపినచో ఇసుకరేణువులు ఒకదానినొకటి అంటిపట్టుకొని నేల గట్టిపడును. అప్పుడు లాగుటకు కావలసిన బలము సగమునకు తగ్గును. నీరు మితిమీరినచో మరల కష్టమే. సముద్రతీరమున నడచిన విద్యార్థులకు ఇది తెలియని సంగతి కాదు. పొడి ఇసుకలో కాలు దిగబడును. అల వచ్చిపోయిన తడి ఇసుకపై పరుగెత్తవచ్చును. ఒక కుండెడు నీళ్లు సగముమంది మనుష్యుల పనిని చేసెనన్నమాట.

4. రాతిని పైకెక్కించుట

రాళ్లను ఏటవాలు కట్టలమీదుగా పైకి లాగిరనుట నిశ్చయము. ఆ కట్టలు తిన్నగా నుండెనా, పిరమిడ్డు చుట్టును తిరిగియుండెనా అను విషయమున పండితులలో భిన్నాభిప్రాయములు కలవు. 2018వ సంవత్సరమున హత్నూబు అను గనిలో ఖుఫు కాలమునాటి దని చెప్పదగిన యొక వాలుదారి బయల్పడెను. దానికి రెండు ప్రక్కలను మెట్లును, గట్టి గుంజలు నాటిన రంధ్రములును కలవు. మోకును గుంజకు చుట్టి, మెట్లమీద దిగువను ఎగువను నిలిచి లాగినచో నిటారైన వాలుపై సయితము రాతిని ఎక్కింపవచ్చును.

ఇచ్చట క్షేత్రగణితము మనకొక ఊరటను ఇచ్చుచున్నది. పిరమిడ్డు క్రింద వెడల్పుగను, పైకిపోవుకొలది సన్నముగను ఉండును. దాని యెత్తులో మొదటి సగమునందే మొత్తము ఘనపరిమాణములో 8 భాగములకు 7 భాగములు ఇమిడియున్నవి. అనగా రాళ్లలో అత్యధికభాగమును 240 అడుగులకు మించి ఎత్తవలసిన పనియే లేదు. పని పైకిపోవుకొలది కష్టము హెచ్చును. కాని రాళ్ల సంఖ్య అంతకంటె వేగముగా తగ్గును.

5. ఒక మేస్త్రి వ్రాసిన దినచర్య

ఇంతవఱకు చెప్పినది పనిముట్ల సంగతి. ఇక పనివారి సంగతి. 2013వ సంవత్సరమున ఎఱ్ఱసముద్ర తీరమున వాదీ అల్ జర్ఫు అను చోట, ప్రాచీనమైన యొక రేవునందు, ఫ్రెంచి పండితుడగు పియెర్ తాలే గారును ఆయన సహచరులును త్రవ్వుచుండగా, కొండలో తొలిచిన పడవలశాలల ముంగిట పాపిరస్ పత్రములు దొరకెను. పాపిరస్ అనగా నైలు తీరమున పెరుగు తుంగజాతి మొక్కనుండి చేసిన వ్రాతపత్రము. వ్రాతతో దొరకిన పాపిరస్ పత్రములలో ఇంతకంటె ప్రాచీనమైనవి ఇంతవఱకు బయల్పడలేదు. అవి ఖుఫు పాలనయొక్క చివరి సంవత్సరములనాటివి.

అందులో మేరేరు అను నొక మేస్త్రి తన జట్టు చేసిన పనిని దినదినమును వ్రాసియుంచెను. అతనిది రాళ్ల రవాణా పని. తురా గనిలో రాళ్లు పడవలకెక్కించుట, నది దాటి "ఖుఫు దిగంతము" అని పేరుగల పిరమిడ్డు చోటికి చేర్చుట, రాత్రి యెచ్చట నిలిచినది, మరల ఖాళీ పడవలతో ఎప్పుడు తిరిగినది, ఇదియే అందలి విషయము. పది దినములలో రెండు మూడు మాఱులు వారు వచ్చుచు పోవుచుండిరి. ఆ పనికి పై యధికారిగా ఖుఫు సవతి సోదరుడైన అంఖ్‌హాఫు పేరు కనబడుచున్నది. వేఱు పత్రములలో పనివారికి వచ్చిన ధాన్యము లెక్కయు, ఇంకను రావలసిన బాకీ లెక్కయు కలవు.

నైలు వఱద వచ్చు మాసములలో నీరు కాలువలగుండ గీజా సమీపమువఱకు వచ్చుచుండెను. అచ్చటి నేలలోతునుండి తీసిన మట్టిలోని పుప్పొడిని పరీక్షించి, ఆ కాలమున నదిపాయ యొకటి పీఠభూమి దగ్గఱగా పాఱినదని 2022వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రాళ్లబరువును మోయుటలో పనివారికి నదియే గొప్ప సహాయురాలు.

మేరేరు రాజు కాడు, సేనాపతి కాడు. తన పనికి లెక్క ఒప్పజెప్పుకొనుటకై నాలుగు పంక్తులు వ్రాసికొన్న మేస్త్రి. నాలుగున్నర వేల సంవత్సరముల పిమ్మట అతని లెక్కపుస్తకమే పిరమిడ్డు పనిని కన్నులార చూచినవాని సాక్ష్యమై నిలిచినది. హెరొడోటసు సయితము పిరమిడ్డు కట్టిన రెండువేల సంవత్సరముల తరువాత వచ్చి, విన్నమాటలు వ్రాసినవాడే. విద్యార్థులకు తేదీ వేసి, తిన్నగా, ఉన్నదున్నట్లు వ్రాయుట నేర్పుచున్నప్పుడు విసుగు పుట్టవచ్చును. మేరేరు వారికి సమాధానము చెప్పగలడు.

6. పనివారి యూరును, సమాధులును

గీజాలో పిరమిడ్డులకు దక్షిణమున, పెద్ద రాతిగోడ యొకదానికి ఆవల, మార్కు లేనర్ గారును ఆయన బృందమును 1988వ సంవత్సరము మొదలు త్రవ్వి యొక పట్టణమును వెలికి తీసిరి. అది ముఖ్యముగా ఖుఫు తరువాత పిరమిడ్డులు కట్టించిన ఖఫ్రే, మెన్కౌరే రాజుల కాలమునాటిది. అందు పొడవైన వసతిశాలలు, రొట్టెలు కాల్చు వంటశాలలు, ధాన్యపుకొట్లు కలవు. ఎద్దుల యెముకలు, మేకల గొఱ్ఱెల యెముకలు లెక్కకు మిక్కిలిగా దొరకెను. పనివారికి మాంసాహారము తక్కువగా లేదని దీనివలన తెలియుచున్నది.

1990వ సంవత్సరమున ఆ ప్రాంతమున ఒక గుఱ్ఱము కాలు మట్టియిటుకల గోడకు తగిలి తొట్రిల్లెను. అచ్చట త్రవ్వగా పనివారి సమాధులు బయల్పడెను. జాహీ హవాస్ గారు వానిని పరిశోధించిరి. పిరమిడ్డు నీడలోనే పనివారిని గౌరవముగా పాతిపెట్టిరి. మేస్త్రీల సమాధులమీద వారి పేళ్లును, వారి పనుల పేళ్లును చెక్కబడినవి. అస్థిపంజరములలో వెన్నెముకలు అరిగియున్నవి. బరువులు లాగినవారి వెన్నులు అట్లే యుండును. కాని విరిగిన చేతియెముకలు చక్కగా అతుకుకొనియున్నవి. కట్టుకట్టి, విశ్రాంతి నిచ్చి, కాపాడినవారు ఉండిరనుటకు నిదియే నిదర్శనము.

రాజుగదికి పైభాగమున మూసియుంచిన చిన్న గదులలో, 1837వ సంవత్సరమున హవర్డ్ వైస్ అను ఆంగ్లేయుడు ప్రవేశించినప్పుడు, ఎఱ్ఱరంగుతో రాళ్లపై వ్రాసిన జట్ల పేళ్లు కనబడెను. "ఖుఫు స్నేహితులు" అనునది అందొక జట్టు. మెన్కౌరే పిరమిడ్డు కట్టిన జట్టొకటి తన్ను "మెన్కౌరే త్రాగుబోతులు" అని పిలుచుకొనెను. ఆ పేరు అనుకరింపదగినది కాదు. కాని కొరడాకు వణకుచు బ్రదికిన జనము తమకు తాము ఇట్టి హాస్యపు పేరు పెట్టుకొనదు.

అట్లని యిది సుఖముగా జరిగిన పని యనరాదు. రాజాజ్ఞ ప్రకారము పల్లెలనుండి వంతులవారీగా మనుష్యులు వచ్చి పనిచేయవలసియుండెను. మన పెద్దలు వెట్టి యని చెప్పు దానికి నిది దూరము కాదు. ఒక్క మనుష్యుని సమాధికై వేలకొలది వెన్నులు అరిగినవి. హెరొడోటసు లక్షమంది యని వ్రాసెను. నేటి పండితులలో పలువురు ఒకేసారి పనిచేసినవారు ఇరువదివేల ప్రాంతమున నుందురని లెక్కించుచున్నారు. వారు అంగడిలో కొనబడిన బానిసలు కారు. పూర్తిగా స్వతంత్రులును కారు. సత్యమును ఉన్నదున్నట్లు చెప్పుటయే వారికి మనము చేయదగిన గౌరవము.

7. ఇశ్రాయేలీయుల సంగతి

బైబిలు చదువు విద్యార్థులు ఈ విషయమును శ్రద్ధగా గమనింపవలెను. నిర్గమకాండము మొదటి యధ్యాయమున ఇశ్రాయేలీయులు ఫరోకొఱకు పీతోము, రామెసేసు అను పట్టణములను కట్టిరని యున్నది. అయిదవ యధ్యాయమున గడ్డి ఇయ్యకయే ఇటుకల లెక్క తగ్గకుండ చేయుమని వారిని బాధించిన వృత్తాంతమున్నది. ఇటుకలును, పట్టణములును కలవు. పిరమిడ్డు మాట యెచ్చటను లేదు. గొప్ప పిరమిడ్డు రాతికట్టడము. నిర్గమము క్రీస్తునకు పూర్వము 15వ శతాబ్దమున జరిగెననువారును, 13వ శతాబ్దమున జరిగెననువారును కలరు; ఏది గ్రహించినను పిరమిడ్డు అంతకు వేయి సంవత్సరములకు పైగా పూర్వపుది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున యూద చరిత్రకారుడైన జోసెఫసు, హెబ్రీయులచేత పిరమిడ్డులు కట్టించిరని వ్రాసెను. ఆ మాట తరువాతివారి నోట నిలిచిపోయెను. గ్రంథము చెప్పనిదానిని గ్రంథముమీద మోపుట భక్తి కాదు. చదివినది సరిగా చదువుటయు భక్తిలో నొక భాగమే.

8. మూడవ ప్రత్యుత్తరము అన్యాయమేల?

మంత్రశక్తియో అన్యలోకవాసులో కట్టిరనువారు పిరమిడ్డును పొగడుచున్నామని తలంతురు. నిజమునకు వారు దానిని కట్టినవారి చేతులనుండి లాగికొనుచున్నారు. డోలరైటు గుండు పట్టిన చేతిని, దారిపై నీళ్లు పోసినవానిని, రొట్టె కాల్చినవారిని, విరిగిన యెముకకు కట్టు కట్టినవానిని, రాత్రి దీపమువద్ద కూర్చుండి లెక్క వ్రాసిన మేరేరును లేనివారినిగా చేయుచున్నారు. మనకు అర్థముకాని పనిని దయ్యములకు అంటగట్టుట సులభము. కూర్చుండి దానిని అర్థము చేసికొనుట కష్టము. పాఠశాల యుండుట ఆ కష్టము కొఱకే.

ఈ యన్యాయమును మనమును చేయుచుందుము. ధవళేశ్వరమున గోదావరిపై ఆనకట్ట 1852వ సంవత్సరమున పూర్తియయ్యెను. కాటన్ దొరగారి పేరు మన పిల్లలందఱు నెఱుగుదురు, అట్లెఱుగుట న్యాయమే. కాని ఆ నదిలో దిగి రాళ్లు పేర్చిన కూలీలలో ఒక్కని పేరైనను మనలో నెవరు చెప్పగలరు? మన యిండ్ల పునాదులకు రాళ్లు కొట్టిన వడ్డెరవారి పేళ్లను మనలో నెందఱు అడిగి తెలిసికొనిరి?

కావున తరగతిలో మరల ఆ ప్రశ్న వచ్చినప్పుడు విద్యార్థులు ఇట్లు చెప్పుదురుగాక: "ఖుఫు కట్టించెను, మేరేరువంటి మేస్త్రీలును, పేళ్లు తెలిసినవారును తెలియనివారును అగు వేలకొలది ఐగుప్తీయులును కట్టిరి." కట్టించెను, కట్టిరి అను రెండు క్రియలకు గల భేదమును తెలిసికొన్నచో ఈ పాఠము సఫలమైనట్లే.

అభ్యాసము

1. పిరమిడ్డు యెత్తులో మొదటి మూడవవంతునందు మొత్తము ఘనపరిమాణములో నెన్నవ భాగముండునో లెక్కించుము.

2. పళ్లెమునందు పొడి ఇసుకను, తడి ఇసుకను వేఱువేఱుగా పఱచి, వానిపై నొక చెక్కముక్కను దారముతో లాగి, భేదమును వ్రాయుము.

3. నీ యూరిలో నొక పాత రాతికట్టడమును చూచి, దానిని కట్టించినవారెవరో, కట్టినవారెవరో పెద్దల నడిగి, తేదీ వేసి వ్రాసి తెమ్ము.